పిడుగు ఆట మార్చింది

నడుస్తున్న దుకాణాన్ని ఎవరూ ఊరికే మూయరు. సరుకు పాడైతే మూస్తారు, గిరాకీ పోతే మూస్తారు, లేదంటే లోపల ఏదో అంటుకుని, ఆ పొగ బయటివాళ్ళ కంట పడకముందే షట్టరు దించేస్తారు. మా అక్క కూతురు ఆట మార్చిందని విన్నప్పుడు నా బుర్రలోకి మొదట వచ్చింది ఈ మూడోదే.

ఆ పిల్లను ఇంటా బయటా అందరూ పిడుగు అనే పిలుస్తారు. ఆటలో తను పెట్టుకున్న పేరది. కంప్యూటర్ మీద తుపాకుల ఆట ఆడటమే దాని ఉద్యోగం. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు, పెద్ద వేదిక మీద హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటారు. ఒకళ్ళనొకళ్ళు తెరమీద కాల్చుకుంటుంటే హాలునిండా జనం టిక్కెట్లు కొనుక్కుని చూస్తారు. మొదట్లో నేను నవ్వాను. జట్టువాళ్ళు జీతం ఇవ్వడం మొదలుపెట్టాక నవ్వడం మానేశాను. జీతం వచ్చేదాన్ని నేను ఆట అనను.

ఒకసారి కుతూహలం కొద్దీ అడిగాను, అందులో అంత పనితనం ఏముందని.

"కళ్ళకంటే చెవులు ముఖ్యం మామయ్యా" అంది. "గోడ అవతల వాడి అడుగుల చప్పుడు ఎటునుంచి వస్తోందో వింటాం. వాడు కనపడకముందే మన గురి అటు ఉండాలి. అంతే."

ఆ మాట నాకు నచ్చింది. నాది పింగాణీ సామాన్ల వ్యాపారం. హోటళ్ళకు పళ్ళేలు, గిన్నెలు, కప్పులు సరఫరా చేస్తాను. ప్రతి కట్టా విప్పి, ఒక్కో పళ్ళేన్నీ వేలి కణుపుతో తట్టి చూడనిదే అరలో పెట్టను. మంచిది ఖంగుమంటుంది. కంటికి కనపడని బీట ఉన్నది బొంగురుగా పలుకుతుంది. చిన్నప్పుడు పిడుగు కొట్టు మూల కూర్చుని, నేను తడుతుంటే తలెత్తకుండానే "అది పగిలింది" అనేది. ఎప్పుడూ తప్పు చెప్పలేదు.

అలాంటి పిల్ల ఫైనల్లో చేసిన పని లోకమంతా చూసింది. ఆఖరి రౌండులో రెండు జట్లలోనూ ఒక్కొక్కరే మిగిలారు. అవతలివాడు ఎడమవైపు మెట్లమీదుగా దిగి వచ్చాడు. మన పిడుగు కుడివైపుకు తిరిగి, ఖాళీ గోడకు గురిపెట్టి నిలబడింది. వాడు తీరిగ్గా వీపులో కాల్చాడు.

అమ్ముడుపోయిందన్నారు జనం. పోటీ పెట్టినవాళ్ళు విచారణ చేశారు, ఏమీ తేలలేదు. తేలకపోవడమంటే తప్పు లేకపోవడం కాదని వ్యాపారం చేసినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అదయ్యాక పిడుగు తనంతట తనే జట్టులోంచి బయటికొచ్చి, కోటలు కట్టి సైన్యాలను నడిపే ఇంకో ఆట మొదటినుంచీ నేర్చుకోవడం మొదలుపెట్టింది. సంపాదించుకున్న పేరు, అలవాటైన చెయ్యి, తెలిసిన మనుషులు, అన్నీ వదిలేసుకుని. బట్టల కొట్టు పెట్టి బాగుపడ్డవాడు ఒక్కసారిగా ఇనుము తూకానికి కూర్చుంటే ఏమనుకుంటాం?

అక్కా పిడుగూ మా కొట్టు పైభాగంలోనే ఉంటారు కాబట్టి గమనించడం కష్టం కాలేదు. పిలిస్తే ఒక్కోసారి పలికేది కాదు. పొగరనుకున్నాను. ఫోను ఎప్పుడూ కుడి చెవికే పెట్టుకుని మాట్లాడేది. పక్కనున్నవాళ్ళకు వినపడకూడదని కాబోలు. అన్నం తినేటప్పుడు చిన్నప్పటినుంచీ కూర్చునే చోటు వదిలేసి, ఎడమపక్క గోడ ఉండే మూల కుర్చీకి మారింది. వారానికోసారి మధ్యాహ్నం చెప్పకుండా ఎక్కడికో వెళ్ళొచ్చేది. ఒకరోజు వానలో గొడుగేసుకుని వెనకే వెళ్ళాను. మార్కెట్ దాటాక ఒక పాత బిల్డింగులోకి దూరింది. కింది అంతస్తులో పందేలు కాసే కొట్టు. పైన ఏవో ఆఫీసులు. పై అంతస్తుల సంగతి నేను ఆలోచించలేదు. నా అనుమానానికి కింది అంతస్తు సరిపోయింది.

"దాని వెనకాల తిరుగుతున్నావటగా" అంది అక్క ఆ సాయంత్రం.

"తిరగడం లేదక్కా, చూస్తున్నానంతే."

"నీ కూతురైతే ఇలాగే చూసేవాడివా?"

"నా కూతురైతే ముందే పట్టుకునేవాణ్ణి."

"నిన్ను కట్టుకున్న మహాతల్లి ఎలా వేగుతోందో గానీ" అని అక్క లోపలికి వెళ్ళిపోయింది.

ఇంతలో కొత్త ఆటలోనూ పిడుగుకి కాస్త పేరొచ్చింది. ఒక జట్టు మేనేజరు ఫోన్ చేశాడు. తీసుకోవాలనే ఉందనీ, అయితే పాత ఫైనల్ గురించి రకరకాలుగా విన్నాననీ, ఒకసారి మనిషినీ, ఇంటివాళ్ళనీ చూసి తేల్చుకుంటాననీ అన్నాడు. ఇతను కాదంటే ఇంకెవరూ పిలవరని పిడుగు వాళ్ళమ్మతో అంటుంటే విన్నాను. మచ్చ ఉన్న మనిషిని ఒకడు వద్దన్నాక రెండోవాడు రేటు కూడా అడగడు. అది నిజమే.

అతను రావడానికి ముందురోజు పిడుగు కొట్లో నాకు సాయంగా కట్టలు విప్పుతోంది. దానికి ఎడమవైపు, పై అరలో అంచుకు పెట్టిన పళ్ళెం ఒకటి జారి భళ్ళున పగిలింది. పిడుగు ఉలిక్కిపడి చటుక్కున తిరిగింది, కుడివైపుకి. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు.

ఫైనల్లో చూసిన మనిషే. అదే తిరగడం.

నేను చీపురు అందుకోలేదు. దాని వెనక్కి, ఎడమవైపుకు వెళ్ళి మెల్లగా అన్నాను. "ఏమే, ఆ బిల్డింగులో పై అంతస్తులో ఏముంది?"

జవాబు లేదు. కుడివైపుకొచ్చి మళ్ళీ అడిగాను. దాని మొహం పాలిపోయింది.

"చెవి డాక్టరు" అంది.

ఫైనల్‌కు కాస్త ముందు జ్వరం వచ్చి ఎడమ చెవి దిబ్బడ వేసిందట. తగ్గిపోతుందిలే అనుకుందట. తగ్గలేదు. ఇప్పుడు ఏ చప్పుడైనా దానికి కుడివైపునుంచే వచ్చినట్టుంటుంది.

"మీ జట్టుకు చెప్పలేదా?"

"చెబితే నా బదులు ఇంకొకర్ని కూర్చోబెట్టేవాళ్ళు. నేను అమ్ముడుపోలేదు మామయ్యా. దాచాను."

"అదీ తక్కువ పని కాదు."

"తెలుసు."

"రేపు ఆయనకు చెప్పెయ్. ఈ ఆటలో అంతా తెరమీదే కనపడుతుందిగా, చెవితో పనేముంది?"

"ఇప్పుడు నన్ను దొంగంటున్నారు. చెబితే చెవిటిదంటారు. దొంగకైతే ఇంకో అవకాశం ఇస్తారు మామయ్యా. చెవిటిదానికి ఇవ్వరు."

కొట్టు చివర రెండో రకం అర చూపించాను. రంగు మాసినవీ, అంచు చిట్లినవీ అందులో ఉంటాయి. "ఆ అరలో సరుకు మిగిలిపోవడం చూశావా ఎప్పుడైనా? లోపం ఎక్కడుందో నేనే ముందు వేలుపెట్టి చూపిస్తాను. చూసి కొనుక్కున్నవాడు తిరిగొచ్చి గొడవపడడు."

"నేనేం పళ్ళేన్ని కాదు."

"కాదులే. పళ్ళేనివైతే ఇన్నాళ్ళు నా దగ్గర దాక్కునేదానివా?"

నవ్వలేదు. చెబుతాననీ అనలేదు.

మర్నాడు మేనేజరు కొట్టుకే వచ్చాడు. సన్నటి మనిషి, మాట మరీ మెత్తన. కూర్చునేముందు బల్లమీది కప్పు తిరగేసి అడుగున ముద్ర చూశాడు. మనవాడే అనుకున్నాను. పిడుగుకి ఎడమపక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కొత్త ఆట గురించి ఎదురుగా ఉన్న నాతో నాలుగు మాటలు మాట్లాడి, దానివైపు కొంచెం వంగి గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ రోజు ఎవరైనా మీతో మాట్లాడారా, ఆటకు ముందు?"

పిడుగు తన గ్లాసులో నీళ్ళవంక చూస్తూ కూర్చుంది. ఆయన ఇంకోసారి అడిగాడు. అదే మెత్తటి గొంతు. పిడుగు కదల్లేదు. ఆయన వెనక్కి వాలి నావైపు చూసి, అర్థమైందన్నట్టు తలాడించాడు. లేవడానికి కుర్చీ చేతుల మీద బరువు వేశాడు.

నేను గట్టిగా దగ్గాను. పిడుగు నా మొహం చూసింది, ఆయన మొహం చూసింది. ఏం జరిగిందో దానికి తెలిసిపోయింది.

"మీరేదో అడిగినట్టున్నారు" అంది. "నాకు ఆ చెవి వినపడదు. ఈ పక్కకొచ్చి అడగండి."

ఆయన కదల్లేదు. పిడుగు మొత్తం చెప్పింది, జ్వరం నుంచి గోడదాకా. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"బాగుంది" అన్నాడు. "ఇంత మంచి కారణం విచారణలో ఎందుకు చెప్పలేదు?"

"అప్పుడు చెబితే ఇక ఏ ఆటలోకీ రానివ్వరని భయపడ్డాను. డాక్టరు కాగితాలున్నాయి, చూపిస్తాను."

"కాగితాలదేముందమ్మా, కావాలంటే నేనూ తెచ్చి చూపించగలను."

ఆయన స్థానంలో ఉంటే నేనూ ఆ మాటే అనేవాణ్ణి. కోపం రాలేదు. లేచి అరల దగ్గరికి వెళ్ళాను. రెండో రకం అర పక్కనే ఉంది, దాన్ని ముట్టుకోలేదు. పెద్ద హోటలువాళ్ళ కోసం తెప్పించిన సూపు గిన్నె, కొట్లో అన్నిటికంటే బాగా ఖంగుమనేది, చేతిలోకి తీసుకున్నాను. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటుంటే పిడుగు వెనగ్గా, ఎడమవైపుకు నడిచి, వదిలేశాను.

మేనేజరు ఎగిరిపడి నావైపు తిరిగాడు. పైనుంచి అక్క "ఏమైందిరా?" అని అరిచింది. పిడుగు ఒక్కతే నాకు వీపు పెట్టి, కుడివైపు ఖాళీ గోడకేసి తిరిగి ఉంది. దాని రెండు చేతులూ కీబోర్డు మీద ఉన్నట్టే గాల్లో లేచి ఆగిపోయాయి.

ఆయన ఆ ఫైనల్ ఎన్నిసార్లు చూసుంటాడో నాకు తెలియదు. ఆ వీపువంక మాత్రం చాలాసేపు చూశాడు. తర్వాత లేచి, తన కుర్చీ తనే ఎత్తుకుని, దాని కుడిపక్కకు తెచ్చి వేసుకున్నాడు.

"ఇంకేమైనా దాచారా?" అని అడిగాడు.

పిడుగు చేతులు దించి ఒళ్ళో పెట్టుకుంది. "పొద్దున్నే లేవలేను."

"అది అందరూ దాస్తారు" అన్నాడు. మొదటిసారి నవ్వాడు. "సోమవారం రండి. చెవి పరీక్ష మాత్రం మా డాక్టరే చేస్తాడు."

"చేయించండి" అంది పిడుగు.

ఆయన వెళ్ళాక నేను ముక్కలు ఊడుస్తుంటే అక్క మెట్లు దిగొచ్చింది. పెంకుల మీది నీలం అంచును గుర్తుపట్టింది.

"అది హోటలువాళ్ళ గిన్నె కదరా. చెయ్యి జారిందా?"

"లేదు."

"మరి?"

"పగలగొట్టాను."

అక్క పెంకులవంక చూసింది, నావంక చూసింది. చూసి చూసి, నా నుదుటిమీద చెయ్యి పెట్టి జ్వరమేమైనా ఉందేమోనని చూసింది.