ఒక్క చేతి ముద్ద

మాంసం నీళ్లలో ఉడికిన అన్నాన్ని ఇస్రాయేలు వేళ్లతో చిదుముతున్నాడు. వేళ్లు చుర్రుమంటున్నా ఓపిగ్గా ఎముక ముక్కలు ఏరి పక్కన పెడుతున్నాడు. అల్లుడుగారి గొంతుకు ఏదైనా అడ్డం పడితే సేటు ఊరుకోడు మరి. పొద్దు బారెడెక్కింది. రాత్రి తిన్న జొన్న గట్క తప్ప ఇస్రాయేలు కడుపులో ఇంకేమీ లేదు.

అల్లుడంటే డాబర్మన్ కుక్క. సేటు రఘుపతి దాన్ని టైగర్ అంటాడు. ఇస్రాయేలు నోట ఆ పేరు ఒక్కనాడూ రాలేదు. నల్లగా నూనె రాసినట్టు మెరిసే ఒళ్లు, సన్నని నడుము, నిక్కపొడుచుకున్న చెవులు. దాని పక్కన నిలబడితే ఇస్రాయేలు మరీ పాతబడిన మనిషిలా కనిపిస్తాడు. పానగల్ దాటాక వచ్చే ఆ ఊళ్లో, సేటు రైసుమిల్లులోనే అతను వయసు పోగొట్టుకున్నాడు. మొదట హమాలీ. బస్తాలు మోసి మోసి ఎడమ భుజం కిందికి జారాక వాచ్‌మన్‌ని చేశారు. అరచేతులు కాయలు కాసి గరుకుదేలాయి, ఒక కంట్లో పొర కమ్మింది.

కుక్కంటే అతనికి కుళ్లు. దాచుకోవాలని కూడా అనుకోడు. అది వచ్చిన కొత్తలో సేటు హైదరాబాదు నుంచి వచ్చి జీపు దిగుతూనే, "ఏం నాయినా, తిన్నవా?" అన్నాడు. ఇన్నేళ్లకు సేటు నోట అంత మెత్తని మాట విని ఇస్రాయేలుకు గుండె నిండిపోయింది. చేతులు కట్టుకుని, "తిన్న సేటూ" అన్నాడు. జీపు డ్రైవర్ తాజుద్దీన్ పగలబడి నవ్వాడు. సేటు అప్పటికే కుక్క మెడ చుట్టూ చేతులు వేసి కూర్చున్నాడు.

ఆ సిగ్గు ఇంకా చల్లారలేదు. దానికి జ్వరమొస్తే జీపులో నల్లగొండ పశువుల దవాఖానకు తీసుకుపోయారు. ఇతనికి జ్వరమొస్తే ఎర్ర బస్సులో నిలబడే పోయాడు. చివరికి మిల్లు ఊడ్చే భార్య బిక్షమ్మ కూడా చీపురు పక్కన పెట్టి, "నా బంగారమా, ఎండల పన్నవా?" అని దాని చెవులు నిమురుతుంది.

"నన్నెన్నడన్న గట్ల అడిగినవానే?" అన్నాడు ఒకసారి.

"నువ్వు తోకూపుతవా?" అని ఆమె నవ్వింది.

అన్నిటికంటే పెద్ద తంటా ముద్ద. దొంగలు విషం కలిపి పెడతారని సేటుకు భయం. అందుకే కుక్కపిల్లగా ఉన్నప్పుడే ఒక్క చెయ్యి అలవాటు చేయించాడు. ఇస్రాయేలు పెడితేనే తినాలి. ఇంకెవరి చేతి తిండికైనా మూతి చాపితే బెత్తంతో దెబ్బ. చివరికి సేటు స్వయంగా కోడికూర పెట్టినా అది మొహం తిప్పుకునేంతగా నేర్చింది. సేటు మురిసిపోయాడు. ఇస్రాయేలుకు మాత్రం పెళ్లికీ చావుకీ పోను వీల్లేకుండా అయింది.

ఆ మధ్యాహ్నం పంచాయతీ ఆఫీసు ముందు జనం చేరారు. తవుడు కొనడానికి మిల్లుకొచ్చిన నూరుద్దీన్‌ని ముందురోజు కుక్క కరిచింది. చేతికి కట్టుతో అతను ఉర్దూ పేపరు ఆడిస్తూ నిలబడ్డాడు.

"విలాయత్‌లనే పోయినేడు చట్టం తెచ్చిండ్రు. కొన్ని జాతుల కుక్కలను పెంచొద్దన్నరు. మనకేంది? ఈ డాబర్మన్లు, ఆల్సేషన్లు ఊర్ల ఉండొద్దని తీర్మానం చెయ్యుండ్రి."

వార్డు మెంబరు నర్సింగమ్మ లేచింది. "ఊరకుక్కలు మేకపిల్లలను పీక్కతింటున్నయ్. గప్పుడు యాదికి రాని చట్టం గిప్పుడెందుకు? కరిచిన కుక్కను కట్టేయమను, ఒప్పుకుంట. పుట్టుకను చూసి తప్పు కడుతరా? గా బాధ మనకెర్క లేదా, ఇస్రాయేలన్నా?"

ఇస్రాయేలు తల వంచుకున్నాడు. ఊరవతల ఆమె వాడా అతని వాడా ఒకటే.

రఘుపతి కుర్చీలో కదిలాడు. "పెంచేది ఇస్రాయేలే. ఆయన్నే అడగుండ్రి. ఊకెనే కరిచిందా?"

ఊరికే కరవలేదు. తన చేతి బన్ను కుక్క ముట్టలేదని నూరుద్దీన్‌కు పౌరుషమొచ్చింది. మూతి పట్టుకుని నోట్లోకి కుక్కబోయాడు. పక్కనే నిలబడి ఇస్రాయేలు అంతా చూశాడు. ఆ మాట చెబితే అయిపోయేది. కానీ, "ఏం నాయినా, తిన్నవా" అన్న పిలుపు చెవిలో మోగింది.

"దాన్నెవలేమన్లే సేటూ," అన్నాడు. "దాని జాతే గంత."

చేతులెత్తారు. తీర్మానం అయింది. నర్సింగమ్మ అతని వైపు చూడకుండా వెళ్లిపోయింది.

పొద్దుగూకే వేళకు జీపు వచ్చింది. అమ్రాబాద్ దిక్కున సేటు బావమరిది తోటకు పంపుతున్నారు. కుక్క ఎక్కనని మొరాయించింది. ఇస్రాయేలు చెయ్యి చూపగానే ఎక్కి కూర్చుంది. జీపు కదిలాక బిక్షమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. ఇస్రాయేలు మాత్రం నులక మంచం వాకిట్లో వాల్చుకుని, చాలా కాలానికి కాళ్లు బారజాపుకుని పడుకున్నాడు. హాయిగానే ఉంది. అలా అని బిక్షమ్మకు రెండుసార్లు చెప్పాడు కూడా.

ఆ వారంలోనే తాజుద్దీన్ ఒక్కడే వచ్చాడు.

"అన్నా, అది ముద్ద ముడుతలేదు. సేటు గూడ ఆడనే ఉన్నడు, నిన్ను తోల్కరమ్మన్నడు. జర రాయే."

ఇస్రాయేలు ఒక్క క్షణం చెప్పుల వైపు చూశాడు. మళ్లీ కుళ్లే గెలిచింది. "నేనెందుకు? నాయినా నాయినా అంటడు గద, ఆయన్నే బుజ్జగించి తినిపియ్యమను."

తాజుద్దీన్ బతిమాలాడు. ఇస్రాయేలు కదలలేదు. ఆఖరికి ఒంటి మీది అంగీ విప్పి ఇచ్చాడు. "వాసనకు తింటదేమో. తీస్కపో."

జీపు మళ్లీ ఆదివారం వచ్చింది. ఇస్రాయేలు చర్చి నుంచి అప్పుడే వచ్చి ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. తాజుద్దీన్ దిగి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"పొద్దుగాల పోయిందన్నా. మన్నుల పెట్టినం."

"వాసనకు గూడ తినలేదా?" అన్నాడు ఇస్రాయేలు.

"సేటు నీ అంగీ తొడుక్కొని కూసున్నడు. తన చేత్తోని ముద్ద పెట్టిండు. వాసన చూసింది. చెయ్యి నాకింది. మళ్ల సేటు మొకం చూసి పక్కకు తిరిగి పండుకుంది. ఆయన చిన్నపోరని లెక్క ఏడ్చిండు."

తాజుద్దీన్ వెళ్లిపోయాడు. బిక్షమ్మ లోపలి నుంచి ఎవరొచ్చారని అడుగుతోంది. మంచం మీద తాజుద్దీన్ పెట్టిపోయిన అంగీ ఉంది. మోచేతి దాకా పైకి మడిచిన దాని కుడి చేతికి అన్నం మెతుకులు ఎండి అంటుకుని ఉన్నాయి.