ఐబు లేని గుర్రం

కట్టయ్య జట్కా లాగే ముసలి గుర్రం ఈనిన మూడో రోజే కన్ను మూసింది. పిల్లకింకా కాళ్లు నిలవలేదు. ఇంట్లో ఉన్నది ఒక్కటే మేక, దాని పాలన్నీ దీని నోట్లోకే పోయాయి. “మొగనికి మజ్జిగ చుక్క లేదు గని గుర్రానికి గోరువెచ్చటి పాలట” అని భార్య వీరమ్మ సాధించేది. సాధిస్తూనే పాలు కాచి తెచ్చేది. సింగారి అని పేరు పెట్టింది కూడా ఆమే.

మూడేళ్లు జట్కా కాడి నేలకానే ఉంది. కట్టయ్య కూలికి పోయి, ఉన్న ఎకరం చెల్కలో జొన్నలు వేసి, సింగారి ఎదిగేదాకా ఓపిక పట్టాడు. ఈ దసరాకు జట్కా కట్టాలి, ఘనపురం స్టేషన్ నుంచి జఫర్‌గఢ్ దాకా దాని గిట్టల చప్పుడు వినిపించాలి. అంతకు మించి ఆశ లేదు ఆ మనిషికి. అతను దగ్గితే చాలు, కొట్టంలోంచి అది సకిలించేది. కన్నబిడ్డ కూడా అంత తొందరగా పలకదు.

మేతకు తీసుకుపోవాలంటే దొర ఉండే కోటలాంటి గడి ముందు నుంచే దారి. గడి ముందు బండెక్కినవాడు దిగాలి, చెప్పులున్నవాడు విప్పి చేతపట్టుకోవాలి, గొడుగున్నవాడు ముడవాలి. కట్టయ్య సింగారి మీద వస్తూ గడి దర్వాజ దగ్గర దిగేవాడు, నడిచి బురుజు దాటాక మళ్లీ ఎక్కేవాడు. చూసి చూసి అదీ నేర్చుకుంది. దర్వాజ రాగానే తనంతట తనే ఆగేది. అతని కాలు నేలకు తగిలేదాకా అడుగు కదిపేది కాదు. బురుజు దాటగానే నిలబడి ఎక్కమన్నట్టు చూసేది. ఒకనాడు దొర మేడ మీది నుంచి చూసి పకపకా నవ్వాడు.

“కట్టిగా, నీ కన్న నీ గుర్రానికే మర్యాద ఎక్కువున్నదిరా!”

ఆ మాటను కట్టయ్య జాగీరు దక్కినట్టు స్టేషన్‌లో పదిమందికి చెప్పుకున్నాడు. సిగ్గుపడాల్సిన మాటకు మురిసిపోయేలా చేయడమే గడి గొప్పతనం.

ఆ ఏడు ఊళ్లో సంఘం పెట్టారు. ఇక దొరకు వెట్టి చేసేది లేదన్నారు. కట్టయ్య కూడా సభకు పోయి, వెనకాల నిలబడి విన్నాడు. అప్పటికే సర్కారువాళ్లు లెవీ పేరుతో జొన్నలన్నీ ఊడ్చుకుపోయారు. గోరుచుట్టు మీద రోకటిపోటులా, సభకు పోయిన ప్రతి ఇంటికీ గడి జుర్మానా వేసింది. అమావాస్యలోగా కట్టకపోతే చెల్క గడిలో కలుస్తుంది. గడి గుమాస్తా వెంకట్రాం వచ్చి చల్లగా ఉపాయం చెప్పాడు.

“గుర్రాన్ని తెచ్చి గడిల కట్టెయ్. జుర్మానా మాఫ్.”

అతను గడప దాటాక కట్టయ్య పళ్లు కొరికాడు. “అడివిల ఇడిసిపెడుత గని గడికియ్యనే, వీరమ్మా.”

గుర్రం అమ్ముతానని సంఘపోళ్లకు కబురు పోయింది. నాలుగు రోజులకు మానుకోట వైపు నుంచి ఎల్లస్వామి అనే పడుచువాడు వచ్చాడు. దళానికీ దళానికీ మధ్య చీటీలు చేరవేసే మనిషి. నాలుగూళ్లు చందా వేసుకున్న డబ్బు మూటలో ఉంది. గుర్రం అసలు ధరకు సమానం కాకపోయినా జుర్మానాకు సరిపోతుంది. గుర్రాల సంగతి తెలిసినవాడే. పళ్లు చూశాడు, గిట్టలెత్తి చూశాడు, కళ్ల కింద చెడ్డ సుడి ఉందేమోనని వెంట్రుకలు తోసి చూశాడు. చివరకు దాని మెడ మీద చెయ్యేసి, పశువును కొనే ప్రతివాడూ అడిగే మాటే అడిగాడు.

“అన్నా, ఐబేమన్న ఉన్నదా? ఉన్నదున్నట్టు చెప్పు. నా పానం దీని మీదుంటది.”

“మైసమ్మ తోడు, తమ్మీ. కరవది, తన్నది, బెదరది. ఒక్క ఐబు లేదు.”

కట్టయ్య కావాలని దాచింది ఏమీ లేదు. ఐబు అంటే కరవడం, తన్నడం, కుంటడం. అంతే తెలుసు అతనికి.

ఎల్లస్వామి పొలాల మీదుగా, గడి వైపు పోకుండా తోలుకుపోయాడు. సింగారి రెండుసార్లు వెనక్కి తిరిగింది. దగ్గు వస్తే మళ్లీ ఆగుతుందని కట్టయ్య పైపంచె నోట్లో కుక్కుకున్నాడు. అది కనుమరుగయ్యాక కొట్టంలో కూలబడి ఏడ్చాడు. మొగాడు ఏడవకూడదనే మాట ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు. వీరమ్మ కూడా పక్కన కూర్చుని ఏడ్చింది. మర్నాడు జుర్మానా కట్టి వస్తుంటే మాత్రం గుండె కొంచెం తేలికపడింది. గుర్రం పోతే పోయింది, గడికి మాత్రం దక్కలేదు.

ఇరవై రోజులు గడిచాయి. గడిలోకి తుపాకులతో రజాకార్లు దిగారు. ఒక మధ్యాహ్నం కట్టయ్య గడి వెనక తన వాకిట్లో తాడు పేనుతున్నాడు. దూరంగా గిట్టల చప్పుడు వినిపించింది. వెయ్యి గుర్రాల్లోనైనా గుర్తుపట్టే చప్పుడది. ఎవరో తరుముతున్నట్టున్నారు, ఊరి నడుమ దారినే దూసుకొస్తోంది. తాడు జారిపోయింది. ‘ఉరుకు బిడ్డా, ఉరుకు. నిన్నెవడందుకుంటడు!’ అనుకున్నాడు, ఒళ్లంతా పొంగిపోతూ.

గడి ముందుకు వచ్చిన చప్పుడు టక్కున ఆగిపోయింది.

అప్పుడు గుర్తుకొచ్చింది కట్టయ్యకు. “దిగు తమ్మీ! కాలు కింద పెట్టు!” అని అరుస్తూ పరుగెత్తాడు. మూల తిరగకముందే రెండు తుపాకులు పేలాయి.

ఎల్లస్వామి దర్వాజ ముందు బోర్లా పడి ఉన్నాడు. అతను నేల మీద పడ్డాక సింగారి ఎప్పటిలాగే మెల్లగా నడిచి, బురుజు దాటి, నిలబడింది. ఎక్కేవాడి కోసం వెనక్కి చూస్తోంది. కట్టయ్యను చూసి సకిలించింది.

ఊరు గుమిగూడింది. వెంకట్రాం గడిలోంచి కొత్త తలపాగా గుడ్డ తెచ్చి, అందరూ చూస్తుండగా కట్టయ్య భుజాన వేశాడు.

“దొర ఇనామిచ్చిండురా. గుర్రానికి మంచి మర్యాద నేర్పినవట.”

రజాకారొకడు సింగారి కళ్లెం పట్టి లోపలికి తీసుకుపోయాడు. సంఘంలో తిరిగే పిల్లలు కట్టయ్య వంక చూసిన చూపు తుపాకీ గుండు కన్నా లోతుగా దిగింది. నేను కాదు, నాకు తెలియదు అని చెప్పాలనుకున్నాడు. చెప్పినా నమ్మేవాడెవడు, భుజాన కొత్త గుడ్డ పెట్టుకుని?

ఇంటికొచ్చేసరికి వీరమ్మ వాకిట్లో నిలబడి ఉంది. అప్పటికే అంతా తెలిసింది.

“ఆ పిలగాడు ఐబడిగిండా?”

“అడిగిండు.”

“ఏమన్నవ్?”

“లేదన్న.”

వీరమ్మ అతని చేతి వంక చూస్తూ నిలబడింది. కట్టయ్య కూడా చూసుకున్నాడు. చేతిలో చెప్పులున్నాయి. అంత పరుగులోనూ గడి ముందు ఎప్పుడు వంగి విప్పాడో అతనికే తెలియదు.