టేకు బీరువా

మా మామగారు చెక్క సామాన్లకు పాలిష్ వేస్తారు. ఆయన చెయ్యి పడితే చిత్తు చెక్క కూడా అద్దంలా మెరుస్తుంది. నాది చెదలకూ పురుగులకూ మందు కొట్టే ఉద్యోగం. ఆయన పైన చూస్తారు, నేను లోపల చూస్తాను. అందుకే మాకు రోజూ ఏదో ఒక వాదన.

పెళ్లైన కొత్తలో ఆయన తన చేతులతో చేసి అత్తగారికిచ్చిన బీరువా ఒకటుంది. పక్కా టేకని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెబుతారు, అడక్కపోయినా చెబుతారు. ఈమధ్య దాని కాళ్ల దగ్గర పిండిలా పొడి రాలుతోంది. తుడవలేక విసిగిపోయిన అత్తగారు, పురుగు గుమ్మాలకు పాకకముందే ఆదివారం దాన్ని బయట పడేయిస్తానన్నారు.

నేను చిల్లులు చూసి, పొడిని వేళ్ల మధ్య నలిపాను. నవ్వు ఆపుకోవడం కష్టమైంది. ఈ పురుగు టేకు చేవ జోలికి పోదు. మామగారి వంక చూస్తే, ఆయన ఎంతో శ్రద్ధగా కిటికీలోంచి బయటకు చూస్తున్నారు.

బోరేట్ మందు నీళ్లలో కలిపి పూస్తే చెక్క పీల్చుకుంటుందని, ఆ చెక్క తిన్న పురుగు చస్తుందని చెప్పాను. కాకపోతే ముందు పాలిష్ అంతా గీకెయ్యాలి. గీకితే ఇన్నేళ్ల టేకు సంగతి ఒక్కపూటలో తేలిపోతుంది. ఆయన మొహం వాడిపోయింది. పాలిష్ మీద పూస్తే లాభం లేదన్నా వినకుండా, నేను పనికి వెళ్లగానే తనే పూసేశారు. మందంతా జారి నేల మీద మడుగు కట్టింది. బీరువా నిండా తెల్లటి చారలు మిగిలాయి. పొడి మాత్రం మామూలుగానే రాలుతోంది. మీ పాలిష్ పురుగులకు గొడుగు పట్టింది మామయ్యా అన్నాను.

ఆయన నవ్వలేదు. "మీ అత్తయ్యకి తెలిస్తే ఇంక తలెత్తుకోలేనమ్మా," అన్నారు. వేళాకోళం ఆడినందుకు నాకే బాధేసింది.

ఆదివారం అత్తగారు బజారుకు వెళ్లగానే ఇద్దరం గీకడం మొదలుపెట్టాం. పాలిష్ కింద పాలిపోయిన చవక చెక్క బయటపడింది. దానికి సగం మందు పూశామో లేదో, అత్తగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. బీరువాను దాచలేక మామగారు బ్రష్షు దాచుకున్నారు.

అత్తగారు దగ్గరికొచ్చి తడి చెక్కను వేలితో తడిమారు.

"టేకైతే అంత బరువు అన్ని మెట్లూ మీరొక్కరే భుజాన వేసుకుని ఎక్కించేవారా? తెచ్చిన రోజే తెలుసు నాకు."

మామగారు దాచుకున్న బ్రష్షు మెల్లగా బయటికి తీశారు. అత్తగారు నా చేతిలోని బ్రష్షు తీసుకుని కింది అరకు మందు పూయసాగారు.

"ఆరాక మళ్లీ టేకు రంగే వెయ్యండి," అన్నారు తలెత్తకుండా. "మా అక్కచెల్లెళ్లందరికీ టేకనే చెప్పుకున్నాను."