భానుని ఏ వైపు రాయాలి

రాత్రి నీళ్ళు పోసి ఉంచిన అన్నాన్ని పొద్దున్నే తీసి, చేత్తో మెత్తగా మెదిపి, పెరుగు కలిపి, అల్లం, పచ్చిమిరప, కరివేపాకు నలిపి వేసి, కంచు గిన్నెల్లో సర్దడంతో భాను రోజు మొదలవుతుంది. దాన్ని నీళ్ళన్నం అనకూడదు. చద్దన్నం అని అసలే అనకూడదు. పొఖాళొ అనాలి. కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి "చద్దన్నం పెట్టమంటారా అత్తయ్యా" అని అడిగితే, గౌరీశ్వరి కోడలి వైపు చూడకుండా పక్కింటావిడతో అంది: "బర్మా బండి కాడ పెరిగినోళ్ళకి పొఖాళొ సంగతేటి తెలుస్తాది!" ఆ మాట అని ఇరవై ఏళ్ళు దాటింది. పొఖాళొ చెయ్యడంలో భాను తర్వాతే ఎవరైనా అని ఇప్పుడు ఆ వీధంతా ఒప్పుకుంటుంది. కానీ అత్తగారి నోట 'మీ వోళ్ళు' అన్న మాట మాత్రం 'మనం'గా మారలేదు.

పులిసిన అన్నం ఆ ఇంట్లో ఆచారం. పులిసిన రొయ్యల ముద్ద మాత్రం కంపు. దాన్ని భాను పుట్టింటివాళ్ళు నప్పి అంటారు. చిటికెడు వేస్తే చేపల పులుసుకి ప్రాణం వస్తుంది. పెళ్ళైన ఏడాది అమ్మ చిన్న సీసాలో పెట్టి ఇచ్చింది. మూత తీసీ తియ్యకముందే భర్త లోకనాథం ముక్కు మూసుకుని, "భానూ, అమ్మకి వాంతొచ్చేలా ఉంది, అది అవతల పారేసెయ్" అన్నాడు. టెక్కలిలో డిగ్రీ చదివే రోజుల్లో భాను తల్లి బొడ్డమ్మ నడిపే నూడుల్స్ బండి దగ్గర నిలబడి, "అత్తా, ఇంకో గరిటె పులుసు పొయ్యి" అని గిన్నె జాపిన లోకనాథం అతనే. ఆ పులుసు నిండా నప్పే. ఆ గిన్నె కడిగిన అమ్మాయినే పట్టుబట్టి పెళ్ళి చేసుకున్నాడు. సీసా పారేయడానికి పెరటివైపు వెళ్ళిన భాను, చాలాసేపు దాన్ని చేతిలోనే పట్టుకుని నిలబడింది.

లోకనాథం ముత్తాత ఒడిశాలోని గంజాం వైపు నుంచి ఎడ్లబండి మీద ఇత్తడి సామాను వేసుకుని వచ్చాడు. రైలు పడ్డాక పలాసలో కొట్టు పెట్టాడు. వెనకే అన్నదమ్ములు, వాళ్ళ బావమరుదులు వచ్చి ఒక వీధే కట్టుకున్నారు. ఇప్పుడు ఆ వీధిలో ఇంటికొక జీడిపప్పు ఫ్యాక్టరీ. భాను వాళ్ళ పెద్దలది వేరే కథ. ఉద్దానం తీరం నుంచి రంగూను పోయి, అక్కడ రేవులో మూటలు మోసి, మిల్లుల్లో పనిచేసి, రెండు తరాలు బతికి, పొమ్మంటే ఓడెక్కి వచ్చేశారు. ఓడెక్కేముందు అక్కడి అధికార్లు బొడ్డమ్మ తల్లి ముక్కుపుడక కూడా తీయించుకున్నారట. చిన్నపిల్లగా దిగిన బొడ్డమ్మకి ఈ నేలే కొత్త. తాత పుట్టిన జిల్లాలోనే వాళ్ళు 'బర్మావోళ్ళు' అయ్యారు. టెక్కలి పక్కన వాళ్ళకిచ్చిన కాలనీకి ఇప్పటికీ బర్మా కాలనీ అనే పేరు.

ఈ రెండు వైపులనీ పక్కపక్కన పెట్టి చూడాలని భాను కూతురు ఐశ్వర్యకి బుద్ధి పుట్టింది. శ్రీకాకుళంలో ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతోంది. వేరే చోటి నుంచి వచ్చి స్థిరపడిన రెండు సముదాయాల మూడో తరం, నాలుగో తరం ఇప్పుడెలా బతుకుతున్నాయన్నది ప్రాజెక్టు. నాన్నవైపు వీధి ఒకటి, అమ్మవైపు కాలనీ ఒకటి. ఈ సంగతి విని అందరికంటే లోకనాథమే ఎక్కువ మురిసిపోయాడు. వాళ్ళ సంఘం కొత్త కల్యాణమండపం ప్రారంభం వచ్చే నెలలోనే.

"ప్రారంభం రోజు స్టేజీ మీద నువ్వే చదవాలి తల్లీ. ఏమీ లేకుండా వచ్చిన మనం ఎక్కడికి ఎదిగామో అందరికీ తెలవాలి."

"ఎదిగామో లేదో ఇంకా తేలలేదు నాన్నా" అని ఐశ్వర్య నవ్వింది.

"తేలేదేటే? కళ్ళు లేవా?" గౌరీశ్వరి అందుకుంది. "మేమూ కట్టుబట్టల్తోనే వచ్చేం. మీ అమ్మమ్మోళ్ళూ కట్టుబట్టల్తోనే వచ్చేరు. మేం మేడలు కట్టేం. ఆళ్ళకి గవర్నమెంటోళ్ళు జాగా ఇచ్చినా ఇంకా రేకుల కిందే ఉన్నారు. ఏలంటావు? పొదుపు లేదు. రోజూ సాయంకాలం ఆ పులుసు తాగీసి కబుర్లు సెప్పుకోడమే."

భాను అప్పుడు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన జీడిపప్పుని పళ్ళెంలో పోసుకుని గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు చేస్తోంది. కోల్‌కతా వ్యాపారికి నమూనా ఫోటో పంపాలి. తర్వాత బిల్లులు కంప్యూటర్లో ఎక్కించాలి. కట్టుబట్టలు రెండు రకాలు అత్తయ్యా, అనుకుంది. బండెడు ఇత్తడి కూడా కట్టుబట్టల్లోకే వస్తే, వెనకొచ్చినవాళ్ళు అప్పటికే ఇక్కడ నిలదొక్కుకున్న అన్న ఇంట్లో దిగడం కూడా కట్టుబట్టల్లోకే వస్తే, ముక్కు బోసిగా ఓడ దిగినామెవి ఏ బట్టలు? అనుకుందే గానీ అనలేదు. ఆ ఇంట్లో ఆమె అనుకున్నవన్నీ అని ఉంటే ఈపాటికి గొంతు బొంగురుపోయి ఉండేది. ఐశ్వర్య ఫోన్‌లో ప్రాజెక్టు ప్రశ్నల జాబితా చూస్తూ తర్వాతిది అడిగింది. "నానమ్మా, కష్టమొస్తే ముందు ఎవరింటికెళ్ళి చెప్పుకుంటావు?" గౌరీశ్వరి తెల్లబోయింది. "మనింటి కష్టం ఇంకోలింటికెళ్ళి సెప్పుకుంటామేటే? పరువుండదూ?"

ఆదివారం తల్లీకూతుళ్ళిద్దరూ కాలనీకి వెళ్ళారు. 'పిల్ల చదువు పని' అంటే అత్తగారు కాదనలేదు. అమ్మని చూడ్డానికని అయితే ఎందుకు, ఎప్పుడొస్తావు, వంట మాటేటి అని సవాలక్ష అడిగేది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని భాను కొబ్బరితోటలు వెనక్కి పోతుంటే చూసింది. పుట్టింటికి వెళ్ళడానికి తనకి కూతురి చదువు సాకుగా కావలసొచ్చిందే అనిపించి, తల తిప్పుకుంది.

కాలనీలో వీధి చివర అరుగు మీద ఆడవాళ్ళు చేరి ఉన్నారు. సగం మంది జీడి ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళే. సొన అంటి వేళ్ళు నల్లబడి ఉన్నాయి. భానుని చదివించిన రోజుల్లో పగలు జీడి ఒలిచి సాయంత్రం బండి పెట్టిన బొడ్డమ్మ వేళ్ళూ అలాగే ఉండేవి. మధ్యలో బొడ్డమ్మ చాప మీద కాళ్ళు చాపుకుని, ఉడికించిన చేపల ముళ్ళు తీస్తోంది. సాయంత్రం బండికి మొయింగా తయారవుతోంది. అరటి ఊచ, సెనగపిండి, నప్పి వేసి కాచిన ఆ చేపల పులుసు నూడుల్స్ మీద పోస్తే టెక్కలి కుర్రాళ్ళు బండి చుట్టూ మూగుతారు.

"ఓలమ్మో! షావుకారి పెళ్ళామొచ్చింది! కుర్సీ ఎయ్యండర్రా!" అని చిన్ననాటి స్నేహితురాలు పావని కేక పెట్టింది.

నిజంగానే ఎవరో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశారు. అందరూ చాప మీద, భాను ఒక్కతే కుర్చీలో. లేచి వాళ్ళ పక్కన కూర్చోబోతే, "అయ్యయ్యో, పట్టుచీరకి చేప నీసు అంటుకుంటాది, వద్దు" అని పావనే ఆపింది. భాను కట్టుకున్నది మామూలు చీరే. అక్కడ 'మీ వోళ్ళు'. ఇక్కడ కుర్చీ. ఆ రెండింటి మధ్య తను కూర్చునే చోటు ఎక్కడుందో భానుకి తెలియలేదు. చేప ముళ్ళు తీసే ఆ చేతుల మధ్య తన చెయ్యి కూడా ఉంటే బాగుణ్ణని ఎంత బలంగా అనిపించిందంటే, వేళ్ళు తమంతట తామే కదిలాయి.

ఐశ్వర్య ఇక్కడా అదే ప్రశ్న అడిగింది. కష్టమొస్తే ఎవరింటికెళ్తారు?

"ఎవులింటి తలుపు తీసుంటే ఆలింటికి" అంది పావని.

"మీ ఇంటికి మాత్రం రానులేవే. నువ్వు టీలో పంచదార ఎయ్యవు" అంది ఇంకొకామె. అందరూ నవ్వారు. "బయటికెళ్ళాలంటే ఇంట్లో ఎవరినైనా అడుగుతారా?" అన్నదానికి బొడ్డమ్మ ముళ్ళు తీస్తూనే, "అడగడానికి ఎవులున్నారే? మీ తాత బతికున్నప్పుడూ అడగలేదు. సెప్పీసి ఎల్లేదాన్ని" అంది.

గిన్నె పొయ్యి మీదికి ఎత్తడానికి బొడ్డమ్మ లేవబోయి లేవలేక, మోకాలు పట్టుకుని మళ్ళీ చతికిలబడింది. పావని పరిగెత్తుకొచ్చి గిన్నె ఎత్తింది. ఇది ఇవాళ కొత్తగా వచ్చింది కాదని భానుకి అర్థమైంది.

"బండి అమ్మేద్దామనుకుంటున్నాను" అంది బొడ్డమ్మ, ఏదో పాత కుర్చీ గురించి చెప్పినట్టు. "అప్పలొలసలో ఒకడు అడుగుతున్నాడు. సైనీస్ నూడుల్స్ ఏస్తాడంట."

"నేనొచ్చి చేస్తానమ్మా" భాను నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది.

బొడ్డమ్మ నవ్వింది. "నువ్వా? మీ ఆయన ఒప్పుతాడేటి?" తర్వాత కూతురి మొహం చూసి నవ్వు ఆపేసింది. "మరైతే అడిగి సూడు" అంది మెల్లగా. ఎవరినీ అడగకుండా బతికిన మనిషి తన కూతురితో అడగమంటోంది. భానుకి అన్నిటికంటే అదే ఎక్కువ నొప్పి పుట్టించింది.

అయినా అడిగింది. ఆ సాయంత్రం లోకనాథం కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నాక, అమ్మకి మోకాళ్ళు బాగోలేదని, కొన్నాళ్ళు టెక్కలిలో ఉండి బండి చూసుకుంటానని చెప్పింది. లోకనాథం కోప్పడలేదు. అతను ఎప్పుడూ కోప్పడడు.

"పిచ్చా నీకు? అత్తకి ఎవరినైనా పనిమనిషిని పెడతాన్లే. నువ్వెళ్ళి బండి కాడ నిలబడితే మార్కెట్లో నా మొహం ఎలా ఉంటాది? లోకనాథం పెళ్ళాం నూడుల్స్ అమ్ముతోందంటారు. ఆలోచించవా?"

"నువ్వు ఆ బండి దగ్గరే కదా నన్ను చూశావు, బావా."

"అది వేరు" అన్నాడు. ఏది వేరో చెప్పలేదు.

ఐశ్వర్య వారమంతా వీధిలోని ఇళ్ళకి తిరిగింది, మళ్ళీ ఒకసారి కాలనీకీ వెళ్ళొచ్చింది. శనివారం మధ్యాహ్నం హాల్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని నొసలు చిట్లించింది. ఇళ్ళు, బంగారం, వాహనాలు, ఫ్యాక్టరీలు, అన్నిట్లో నాన్నవైపే పైన. అందులో ఎవరికీ అనుమానం లేదు. ఆడవాళ్ళ చదువు దగ్గరే వచ్చింది చిక్కు.

"నాన్నా, మన వీధిలో నలభై దాటిన ఆడవాళ్ళలో డిగ్రీ చదివినవాళ్ళు ఒక్కరూ లేరు. పది అవ్వగానే పెళ్ళిళ్ళు చేసేశారు. కాలనీలో కొంతమంది ఉన్నారు. తల్లులు జీడి ఒలిచి చదివించారట."

లోకనాథం మొహం ముడుచుకుంది. స్టేజీ మీద ఆ వాక్యం మైకులో ఎలా వినిపిస్తుందో అప్పుడే విన్నట్టున్నాడు. ఉన్నట్టుండి వంటింటి వైపు తిరిగాడు.

"లేకపోవడమేటి? మీ అమ్మ బీఎస్సీ కాదా? అమ్మని మనవైపు రాయి!"

"మరే!" గౌరీశ్వరి వెంటనే అంది. "పెళ్ళయ్యాక మా ఇంటి మనిషే గదా. మా భాను బీఎస్సీ అని రాయి."

మా భాను. వంటింటి గుమ్మంలో భాను ఆగిపోయింది. ఈ మాట కోసం ఆమె ఎన్నేళ్ళు ఎదురుచూసిందో ఆ ఇద్దరికీ తెలియదు. జ్వరంతో లేచి పొఖాళొ మెదిపిన పొద్దుల్లో, పురుడు పోసుకుని వచ్చిన రోజున, మామగారు మంచాన పడితే పక్క బట్టలు ఉతికిన ఆ రెండు వర్షాకాలాల్లో, ఒక్కసారి వినిపిస్తే చాలనుకుంది. ఇప్పుడొచ్చింది. తన కోసం రాలేదు, తన డిగ్రీ కోసం వచ్చింది. ఆ డిగ్రీ ఫీజు ఎవరి వేళ్ళ నలుపులోంచి వచ్చిందో వీళ్ళకి అక్కర్లేదు. అమ్మకి మిగిలిన ఆ ఒక్క గొప్పనీ ఇటు లాక్కుని మండపం గోడకి తగిలించుకుంటారు. చిత్రంగా, ఏడుపు రాలేదు. ఎంతకీ రాని బస్సు కోసం స్టాపులో నిలబడ్డ మనిషికి, ఈ దారిన ఆ బస్సు రాదని ఎవరో చెబితే కాళ్ళకి కలిగే తేలిక లాంటిది కలిగింది.

"ఏ పని చేస్తుందని రాయాలి?" ఐశ్వర్య అడుగుతోంది.

"పనేముంది? ఇంట్లోనే ఖాళీగా ఉంటుంది. గృహిణి అని రాసెయ్" అన్నాడు లోకనాథం. బల్ల మీద అతని బిల్లులు సగం ఎక్కించి ఉన్నాయి.

ఐశ్వర్య రాయలేదు. తల తిప్పి గుమ్మంలోకి చూసింది. "అమ్మా, నిన్ను అడగాలి కదా. నిన్ను ఏ వైపు రాయాలి?"

ఆ ఇంట్లో ఎవరైనా తనని అడగడం అదే మొదలు. భాను వచ్చి కూతురి పక్కన కూర్చుంది.

"ఎవరిది ఏ వైపన్నది ఎలా తేలుస్తారే?"

"ఎక్కడుంటున్నారో చూస్తాం అమ్మా. ఆరు నెలల నుంచి ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి మనిషే. అలా చూస్తే ఇక్కడే రాయాలి."

"అయితే రాయి" అంది భాను. లోకనాథం తృప్తిగా వెనక్కి వాలాడు. "గృహిణి అనొద్దు. బిల్లులు రాస్తుంది, పప్పు గ్రేడింగు చేస్తుంది, వంట చేస్తుంది, జీతం లేదు అని రాయి. స్టేజీ మీద అదీ చదువు."

"ఏటా మాటలు!" అని గౌరీశ్వరి లేచింది. భాను అటు చూడలేదు.

"ఆరు నెలలయ్యాక మళ్ళీ అడగాల్సొస్తే మాత్రం అమ్మమ్మ ఇంటికి రా. రేపు పొద్దున్న బస్సుకి వెళ్తున్నాను."

లోకనాథం అర్థం కానట్టు చూశాడు. "ఎవరినడిగి?"

"ఎవరినీ అడగలేదు బావా. చెప్తున్నాను."

ఐశ్వర్య గొంతు తగ్గించింది. "కానీ అమ్మా, ఆరు నెలలంటే... నేను ప్రాజెక్టు వచ్చే నెలలోనే ఇచ్చేయాలి."

"ఇచ్చెయ్ తల్లీ" అని భాను కూతురి జుట్టు సవరించింది. "నేను వెళ్ళేది నీ ప్రాజెక్టు కోసం కాదు."