అమ్మ దీపం పక్కన వైర్‌లెస్ సెట్టు

నేను ఒక వైర్‌లెస్ సెట్టుని. చేపల రేవులో ఒక మర బోటు కేబిన్‌లో, చుక్కాని పక్కన బతికాను. ఇప్పుడు పాత ఇనుము కొట్లో తుప్పు పట్టిన లంగరు కింద పడి ఉన్నాను. చెడిపోయి మాత్రం కాదు. ఆ సంగతి ముందే చెప్పెయ్యాలి, ఎందుకంటే నా మీద పడ్డ నింద అదే. నాకు కోపంగా ఉంది. కోపంగానే చెబుతాను, ఓపిక ఉంటే వినండి.

నన్ను తయారుచేసిన కర్మాగారంలో, బయటికి పంపే ముందు, ఇనుప గోడల గదిలో పెట్టి తలుపు మూశారు. బయటి అల ఒక్కటి కూడా ఆ గదిలోకి రాదు. అలంటే సముద్రపు అల కాదు. మీ కంటికి ఆనే వెలుగూ, పొయ్యి ముందు మీ ఒంటికి తగిలే సెగా, ఆసుపత్రిలో ఎముకల ఫోటో తీసే కిరణమూ, నేను పంపే మాటను మోసుకుపోయే తరంగమూ అన్నీ ఒక తల్లి పిల్లలే. పొడవులోనే తేడా. నా అల పొడుగాటి మనిషంత ఉంటుంది. కనిపించదు కాబట్టి మీరు దాన్ని లెక్కచెయ్యరు. ఆ గదిలో నాకు పెట్టిన పరీక్ష ఒకటే: నా గోల పక్కవాడి చెవిన పడకూడదు, పక్కవాడి గోలకి నేను బెదరకూడదు. నెగ్గి, ముద్ర వేయించుకుని మరీ వచ్చాను.

నన్ను కొన్నవాడు కొర్లయ్య. బోటు అతనిదే, సరంగూ అతనే. సరంగంటే బోటు నడిపేవాడు. అతని తమ్ముడు ఎల్లాజీ ఇంకో బోటుకి సరంగు. ఇద్దరూ నీళ్ళ మీద ఉన్నప్పుడు పొద్దున్నే నాలోంచి పలకరించుకునేవారు. మొదట్లో నన్ను నెత్తిన పెట్టుకున్నారు. గాలివాన కబురు నేనే, మంచు ముక్కల ధర నేనే, ఎవరింట ఎవరు పురుడు పోసుకున్నారో ఆ కబురూ నేనే. కేబిన్ కింద చేపలు నిండి మూత పడకపోతున్నా "ఏటీ పళ్ళేదు బావా, ఉత్త వలే" అని నా మైకులో ఎన్ని అబద్ధాలు ఆడారో! వాటిని కూడా ఒక్క అక్షరం పోకుండా చేరవేశాను. అబద్ధాన్ని అంత స్పష్టంగా వినిపించిన నన్నే, నిజం వినిపించలేదని పారేశారు.

ఆ బోటులో ఒక కట్టడి ఉంది, కొర్లయ్య తండ్రి పెట్టింది. రేవు దాటింది మొదలు తిరిగి రేవు చేరేదాకా గంగమ్మ పటం ముందు దీపం ఆరకూడదు. నేను వచ్చిన కొత్తలో అది గాజు చిమ్నీలో నూనె దీపం. దానితో నాకు ఏ తగాదా లేదు. గాలి వీచినా, బోటు ఊగినా అది తన మానాన తను వెలిగేది, నా మానాన నేను పలికేదాన్ని.

ఒక అమ్మవారి పండక్కి కొర్లయ్య తోపుడు బండి మీద రంగులు మార్చే లైట్ల దండ కొని తెచ్చాడు. గంగమ్మ పటం చుట్టూ కట్టి, ఇక ఇదే అమ్మ దీపమని నూనె దీపాన్ని మూలకి నెట్టాడు. దాంతో పాటే బ్యాటరీకి తగిలించే కన్వర్టర్ పెట్టె. ప్లాస్టిక్ డొక్కు, దాని మీద ఏ ముద్రా లేదు. దాన్ని ఏ ఇనుప గదిలోనూ కూర్చోబెట్టి ఎవరూ ఏదీ అడగలేదు. తెచ్చి సరిగ్గా నా వీపు వెనక మేకు కొట్టి బిగించాడు. బోటు మీద వేలాడే తీగ కనబడితే జాలరి చెయ్యి ఊరుకోదు కదా, లైట్ల తీగని నా ఏరియల్ తీగతో కలిపి, వల కట్టే దారంతో పైకప్పు దాకా ముచ్చటగా చుట్టేశాడు. ముడి చూసి తనే మురిసిపోయాడు.

లైట్ల తప్పు లేదు, పాపం. తప్పంతా ఆ పెట్టెది. అది బ్యాటరీ కరెంటుని సెకనుకి వేల సార్లు తుంచుతుంది. తుంచిన ప్రతిసారీ కొత్త అలలు పుడతాయి. తీగ పొడుగునా పాకి, నా తీగలోకి దిగి, నా చెవిలో కూస్తాయి. దూరం నుంచి వచ్చే గొంతు ఆ రొదలో ఎలా నిలబడుతుంది? వేలం పాటలో పసిపిల్ల పిలుపు ఎవరికి వినబడుతుంది? పెట్టెని దూరంగా జరిపి, తీగలు విడదీస్తే చాలు, ఖర్చే లేదు. కానీ కూత నా నోట్లోంచి వస్తోంది కదా, దొంగని నేనే అయిపోయాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, "సెట్టు ముసిలిదైపోనాది" అని నా నెత్తిన మొట్టారు.

కనిపెట్టినవాడు ఎల్లాజీ ఒక్కడే. ఒకరోజు రేవులో అన్న బోటెక్కి, నా కూత విని, అటూ ఇటూ చూశాడు.

"అన్నియ్యా, ఆ లైట్ల పెట్టి ఒక్కపాలి ఆపి సూడు. కూత దాందే."

"అమ్మ దీపం ఆపమంతావేట్రా? వేటకి ఎల్లబోతా అదేం మాట?"

ఎల్లాజీ చెయ్యి చాపి తీగ లాగేశాడు. కూత తెగిపోయింది. ఎక్కడో దూరాన ఉన్న బోటు సరంగు దగ్గు కూడా నాలోంచి గంటలా వినిపించింది. అంతలోనే కొర్లయ్య వాడి చెయ్యి మీద చెళ్ళున కొట్టి, తీగ మళ్ళీ గుచ్చి, లెంపలు వేసుకుని, కొబ్బరికాయ కొట్టాడు. "దీపం ఆర్పినోడు ఒడ్డెక్కడ్రా!" అన్నాడు. కోపంలో అన్నాడు. ఎల్లాజీ నవ్వి దిగిపోయాడు.

కొర్లయ్య ఆ సాయంత్రమే మెకానిక్‌ని తీసుకొచ్చాడు. ఆ మహానుభావుడు నా వీపు వెనక్కి తొంగి కూడా చూడలేదు. స్క్వెల్చ్ అని నాకొక మర ఉంది. బలహీనమైన సవ్వడిని లోపలే ఆపేసేది. దాన్ని చివరికంటా తిప్పేశాడు. కూత పోయింది. కూతతో పాటు దూరపు గొంతులూ పోయాయి. నా చెవిలో దూది కుక్కి, రోగం కుదిరిందన్నాడు. "బంగారం లాటి పని సేసినావు గురువా" అని కొర్లయ్య వాడికి టీ పోయించాడు.

తరవాతి వేటలో, మబ్బు పట్టిన మధ్యాహ్నం, ఎల్లాజీ బోటు అడుగు చెక్క విడిచింది. ఇంజన్ గదిలోకి నీళ్ళు వచ్చాయి. బ్యాటరీ మునుగుతోంది, అందుకని గొంతు పీలగా ఉంది. ఆపద చెప్పుకునే పదహారో చానెల్‌లో వాడు ముందు పిలిచింది అన్ననే. ఎక్కడున్నాడో అంకెలతో సహా చెప్పాడు. నేను ఆ గొంతు గుర్తుపట్టాను. పెట్టె రొద అడుగున, మర వేసిన గడియ అవతల, నాకు తెలిసింది. నోరు మాత్రం తెరవలేకపోయాను.

కొర్లయ్య నా ఎదురుగా కూర్చుని గంజి తాగుతున్నాడు. "సూసినార్రా, సెట్టు ఎంత బుద్ధిగా ఉన్నాదో" అని కళాసీలతో, అంటే బోటు పనివాళ్ళతో, అన్నాడు. ఆ మాట తలుచుకుంటే నా తీగలు ఇప్పటికీ కాలుతాయి.

మా అందరికన్నా దూరాన ఉన్న బోటు విని వచ్చింది. నీళ్ళ డబ్బాలు పట్టుకుని తేలుతున్న కళాసీలు దొరికారు. ఎల్లాజీ దొరకలేదు. డబ్బాలు వాళ్ళకి అందించి, తను మైకు దగ్గరే ఉండిపోయాడట. అందరికన్నా దగ్గరగా ఉన్న బోటు మాది.

ఒడ్డున ఏమన్నారో తెలుసా? అమ్మ దీపం ఆర్పాడు, అందుకే అమ్మ తీసుకుపోయిందన్నారు. కొర్లయ్యా అదే అన్నాడు, ఏడుస్తూ అన్నాడు. బతికుండగా నిజం చెప్పినవాడికి చచ్చాక అంటగట్టిన పాపం అది. నన్ను చెవిటి ముండన్నారు, పడ్డాను. వాడినన్న మాట మాత్రం నేను క్షమించను.

బోటు మళ్ళీ వేటకి వెళ్ళే రోజు వచ్చింది. నా చోట కొత్త సెట్టు పెట్టారు. నన్ను గోనె సంచిలో వేసి కేబిన్ గుమ్మంలో ఉంచారు, పాత ఇనుము వాడికోసం. గంగమ్మ పక్కన ఎల్లాజీ ఫోటో. ఫోటో చుట్టూ ఇంకో లైట్ల దండ, అదే పెట్టెకి తగిలించారు. స్విచ్ వేశారు. కొత్త సెట్టు బిగించిన రోజే నాలాగే కూసింది. మెకానిక్ మర మీద చెయ్యి వేశాడు.

ఫోటోకి పూలదండ వెయ్యడానికి వచ్చిన ఎల్లాజీ భార్య నూకాలు అప్పుడు అడిగింది. "బావా, కొత్తది కూడా సెడిపోనాదా?"

ఆమె వంగి లైట్ల తీగ లాగేసింది. మొగుడు పోయిన ఆడది, రేవు దాటే ముందు, అమ్మ దీపం ఆర్పింది! కొర్లయ్య చెయ్యి లేచింది. ఆ క్షణానే కొత్త సెట్టులోంచి ఎవరో సరంగు మంచు ముక్కల గురించి బేరమాడడం పక్కనున్నట్టే వినిపించింది. లేచిన చెయ్యి అక్కడే నిలిచిపోయింది.

"ఆ రోజు ఇంటికొచ్చి సెప్పినాడు బావా. అన్నియ్య కొడితే కొట్టినాడు గానీ సెట్టు పలికింది నూకాలూ అన్నాడు. అమ్మకి కావలసింది ఎలుగు. ఈ పెట్టి కాదు."

మూలనున్న పాత చిమ్నీ తుడిచి, నూనె పోసి, ఆమే వెలిగించింది. కొర్లయ్య వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. గోనె సంచి మీద చెయ్యి వేసి, నన్ను తడిమి, "నువ్వు ఇన్నావా?" అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడు. నాకంటూ సొంత మాట ఒక్కటీ లేదు, ఎవరిదో మాట చెప్పడమే నా పని. ఆ పని చేయనివ్వని మనిషి ఇప్పుడు నన్ను జవాబు అడుగుతున్నాడు. సాయంత్రానికి ఇనుము వాడు వచ్చి సంచి ఎత్తుకుపోయాడు.

విన్నాను కొర్లయ్యా. నీకు చెప్పాల్సిన ఆఖరి మాట ఇంకా నా దగ్గరే ఉంది. మైకు చేతిలో ఉండగానే వాడు కళాసీలతో అన్నాడు: "బయపడకండ్రా. మా అన్నియ్య దగ్గిర్లోనే ఉన్నాడు. నా మాట ఇంతన్నాడు. వొచ్చేత్తాడు."