షీటు అంచున ఆగిన వంక

“నీ టిఫిన్ సంచి ఎవురు వెతుకుతారే? నీ మొగం చూస్తే వెతకాలని ఎవురికన్నా అనిపిస్తాదా?” అన్నాడు మొగుడు టైటస్, రొట్టె తుంచుకుంటూ. అని, నవ్వాడు.

డెబోరా పెనం మీద ఇంకో జొన్నరొట్టె తిప్పింది. వేలు కాలింది. కొంగుకు అదుముకుంది.

చీటీ మీద ఒక నెంబరు రాసి ఉంది. దాన్ని అతను ఉప్పు డబ్బా కింద పెట్టాడు. ఆమె పనిచేసే కాలేజీ లైబ్రరీలో పాత సర్వే మ్యాపులున్నాయి. వాటిలో ఆ నెంబరు షీటు శనివారం లోపల ఇంటికి రావాలి. అడిగింది కాంట్రాక్టరు నాగరాజ్. టైటస్ అతని దగ్గరే పని చేస్తాడు. గని తవ్విన రాళ్లమట్టి పోసుకోవడానికి నాగరాజ్‌కు కొండకింద జాగా కావాలి. అక్కడ వాగూ వంకా ఏదీ లేదని సర్కారుకు కాగితం రాసిచ్చాడు. పాత మ్యాపులో వంక ఉందని అతనికెవరో చెప్పారు.

“షీటు యాడని అడిగితే?”

“చెదలు తినిందను. తెలీదను. నీకేదో తెలుసని ఎవురనుకుంటారు?” చెయ్యి కడుక్కుంటూ ఇంకో మాట అన్నాడు. “నాగరాజ్ మంచోడే. ఆ రోడ్డు మీద తిరిగే లారీలే మంచివి కావు. దినామూ దాన్ని దాటే గదా నువ్వు పోయేది.”

అది సోమవారం. మంగళవారం ఆమె రోడ్డు దాటడానికి పావుగంట పట్టింది. ఖనిజం లారీలు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి. ప్రతి డ్రైవరూ తననే చూస్తున్నట్టు ఉంది. ఇంట్లో ఉతికిన బట్టల మీద మళ్లీ ఎర్రదుమ్ము పడింది. మళ్లీ ఉతికింది. “నీళ్లు నీ అబ్బ తెచ్చి పోసినాడా?” అంది అత్త దీనమ్మ. నీళ్లు తెచ్చింది తనే. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. ఏ మాటైనా అక్కడిదాకానే వస్తుంది. రాత్రి అన్నం దిగలేదు. ఎందుకు దిగలేదని ఎవరూ అడగలేదు. ఆమె తిన్నదో లేదో ఆ ఇంట్లో ఎవరూ చూడరు.

లైబ్రరీలో పదకొండేళ్లుగా దినకూలీ. ఊడుస్తుంది, నీళ్లు పడుతుంది, టీ పెడుతుంది. మ్యాపుల బీరువా తుడిచేదీ తనే. ఊరి పేరు చెప్పి మ్యాపు అడిగితే దొరకదు. బీరువా తలుపు లోపల గళ్లుగళ్లుగా గీసిన పెద్ద పటం ఒకటి అంటించి ఉంది. ఊరు ఏ గడిలో పడిందో ముందు చూడాలి. ఆ గడి నెంబరు పట్టుకుని సొరుగు తెరవాలి. ఇది ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఏడాదికోసారి వచ్చే జాగ్రఫీ పిల్లల కోసం షీట్లు పరిచీ తీసీ, చీపురు చంకలో పెట్టుకుని నిలబడి, తనే నేర్చుకుంది. నీలం నీళ్లు. చుక్కలు కాలిదోవ. గోధుమరంగు గీతలు ఎత్తు. అవి దగ్గరదగ్గరగా ఉంటే నిట్టనిలువు కొండ. ఒకసారి సంతోషం పట్టలేక ఇదంతా టైటస్‌తో చెప్పింది. ఆ ఆదివారం అతను చర్చి బయట పదిమందిలో, “మా ఇంట్లో సర్వే ఆఫీసరుంది, కసువు కొడతా కొలతలు చెప్తాది” అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే ఇంటికి పోయాక ఇంకో పంచాయితీ. ఆ తరువాత అతనికేమీ చెప్పలేదు.

బుధవారం, ఎవరూ లేని వేళ, ఆ షీటు తీసింది. కొండ ఆ షీటు కింది అంచున ఉంది. నీలం గీత కొండ మీదినుంచి వేలిలో సగమంత దిగి, అంచుకు తగిలి ఆగిపోయింది. చీటీ రాసినవాడు అంతే చూసినట్టుంది. కాగితం అయిపోతే వంక అయిపోదు. దాని కిందికొచ్చే నెంబరు షీటు కూడా తీసి, రెండు అంచులూ కలిపింది. గీత గీతకు అతికింది. వంక కింది షీటులోకి దిగి, పల్లె పక్కగా పోయి, చెరువులో కలిసింది. అడిగిన ఒక్క షీటే ఇచ్చేస్తే టైటస్ నోరు మూసుకుంటాడు, రెండోది ఇక్కడే ఉంటుంది, తనకేమీ కాదు. అలా అనుకోగానే ఊపిరి తిరిగింది. కాసేపే. పై షీటు లేకపోతే ఈ గీతకు పుట్టుక లేదు. వానకు పారే కాలవ అంటారు. షీటు మడిచి సంచిలో పెట్టింది. తీసింది. మళ్లీ పెట్టింది. మడత వంకరగా పడింది. చివరికి రెండూ సొరుగులోనే పెట్టి ఇంటికి పోయింది.

శుక్రవారం మధ్యాహ్నం ఒకామె వచ్చింది. మోకాళ్ల దాకా ఎర్రమట్టి. పేరు దురుగమ్మ. కొండకింది పల్లె. వంక మీద సోమవారం సర్కారు ఆఫీసులో విచారణ ఉందట. వంక ఉందని కాగితం చూపించమన్నారట.

“లెటర్ బేకమ్మా,” అన్నాడు లైబ్రేరియన్ వీరభద్రప్ప. “లెటర్ లేకుండా మ్యాపు చూపించేకి కాదు.”

“ఆ వంకలో నీళ్లు తాగేకి ఇన్నేండ్లు ఎవురూ లెటర్ అడగలేదు సార్. చూసేకి లెటరా?”

ఆయన భోజనానికి పోయాడు. దురుగమ్మ గుమ్మం దగ్గర కూలబడింది. డెబోరా చెంబుతో నీళ్లిచ్చింది.

“నీదేం పని తల్లీ ఈడ?”

“కసువు ఊడ్చేది.”

“అట్లయితే యాడ ఏముండాదో నీకే తెలిసుంటాది. మా ఇంట్లోనూ అంతే. మా మొగోనికి కాళ్లకాడుండే చెప్పులు గూడా నేనే చూపించాల.”

డెబోరాకు నవ్వొచ్చింది. నవ్వాక భయమేసింది. ఈమెతో మాట్లాడినట్టు నాగరాజ్‌కు ఎవరైనా చెబితే? కిటికీలోంచి రోడ్డు చూసింది. లారీలు. కాళ్లు మాత్రం బీరువా దగ్గరికి నడిచాయి.

రెండు షీట్లూ బల్ల మీద పరిచి అంచులు కలిపింది. దురుగమ్మకు చదువు రాదు. ఆమె వేలు పట్టుకుని పల్లె మీద పెట్టింది. వేలు దానంతటదే కదిలింది.

“ఇది వంకనా? అయితే ఈడ మడుగుండల్ల. నా ఇద్దరు బిడ్లకు తొలిస్నానం ఆ నీళ్లతోనే పోసినా. ఈ చుక్కలేంది?”

“కాలిదోవ. పల్లెనుంచి మడుగు కాడికి.”

“అది నేను కడవతో ఎక్కే దోవ గదా! దాన్ని గూడా గీసినారా? మమ్మల్ని ఎవురు చూసినారమ్మా?”

చుక్కల దోవ ఎన్ని గోధుమ గీతలు దాటిందో డెబోరా లెక్కపెట్టింది. “నాలుగు. గీతకూ గీతకూ నడుమ తాటిచెట్టంత ఎత్తు. నాలుగు తాటిచెట్లు ఎక్కి దిగుతాండావు నువ్వు.”

“మా మొగోడు ‘ఈడే గదా’ అంటాడు,” అంది దురుగమ్మ. వేలు తియ్యలేదు.

వెనక చెప్పుల చప్పుడు. వీరభద్రప్ప.

“ఎవరు తీసింది?”

“నేనే సార్. జెరాక్సు తీసి సీలు వెయ్యండి.”

ఆయన తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాడు. “ఈ మ్యాపుల మీద నాకూ ఫోన్ వచ్చిందమ్మా. సీలు వేస్తే, తీసిచ్చినోళ్ల పేరు రాయాల. నాకింకా రెండేండ్లు సర్వీసుంది. నా పేరొద్దు.”

“నా పేరు రాయండి.”

మాట ఎంత సన్నగా వచ్చిందంటే ఆయన మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పింది. ఆయన రాశాడు. జెరాక్సు మడిచి రవికలో దోపుకుని దురుగమ్మ పోయింది. షీట్లు సొరుగులో పెట్టి, తాళంచెవి వీరభద్రప్ప తన జేబులో వేసుకున్నాడు.

సాయంత్రం, ఆమె ఉండే బ్రూస్‌పేట సందులో కొళాయి వదిలిన వేళ. ఆడవాళ్లు బిందెలతో వరసగా నిలబడి ఉన్నారు. టైటస్ గుమ్మంలోనే ఉన్నాడు.

“తెచ్చినావా?”

ఆమె కొళాయి దగ్గరే ఆగింది. “లేదు.”

“లోపలికి రా,” అన్నాడు మెత్తగా.

టైటస్ నోట గట్టిమాట రాదని సందంతా అంటుంది. నిజమే. ఆ మెత్తదనం తలుపు వేసేదాకానే. తరువాత నాలుగు రోజులు ఆమె పొడుగు చేతుల రవికలు తొడుక్కుంటుంది. పద్దెనిమిదేళ్లుగా ఆ పిలుపు వినగానే లోపలికి పోతూనే ఉంది. ఇప్పుడూ కాళ్లు అటే లాగుతున్నాయి. కొళాయి పక్క గోడను గట్టిగా పట్టుకుంది.

“రెండు షీట్లూ కలిపి ఆ పల్లె ఆమెకు జెరాక్సు ఇప్పించినా. దానిమీద నా పేరుండాది,” అంది. సన్నగొంతే. అయినా బిందెల దగ్గరున్న వాళ్లంతా ఇటు తిరిగారు.

“అందరూ చూస్తాండారు డెబోరా. లోపలికి రా.”

“నాకు శానా భయమైతాంది. అందుకే రాను,” అంది ఆమె. “నువ్వే బయటికి రా.”