నీళ్ళన్న కడ్డీ

దుప్పట్లు ఇంకా సబ్బు నురగలో ఉండగానే కొళాయి ఆగిపోయింది. ప్రసూతి ఆసుపత్రిలో బట్టలుతికే ఆమె కొళాయిని అటూ ఇటూ తిప్పి చూసింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

నర్సు గుమ్మంలోకి వచ్చింది. "థియేటర్లోనూ రావట్లేదమ్మా. పైన ట్యాంకు అడుగంటింది. నీళ్ళు లేకుండా ఆపరేషన్ మొదలుపెట్టనంటున్నారు డాక్టరమ్మ."

"మరి నా కూతురు?"

"దాని గురించే చెప్తున్నా. బిడ్డ అడ్డం తిరిగింది. ఎక్కువసేపు ఆగకూడదు."

ఆమె చేతులకున్న సబ్బు చీరకు తుడుచుకుంటూ బయటికి పరుగెత్తింది. ఆసుపత్రి గోడ దాటగానే వీధి మలుపులో వాల్వు గుంత ఉంది. ఆ గుంత దగ్గర, వాల్వు తిప్పే పొడవాటి ఇనుప కడ్డీకి చేరగిలబడి ఆమె తమ్ముడు నిలబడి ఉన్నాడు. పురపాలక సంఘంలో ఆ ఉద్యోగం అతనికి మంత్రిగారు వేయించినదే.

"ఒరేయ్, ఆసుపత్రికి నీళ్ళు కట్టేశావా?"

"కట్టెయ్యమన్నారక్కా. మెరకన కొత్త కొళాయి మంత్రిగారు విప్పుతారు కదా, ధార జోరుగా రావాలంట. ఆయన వెళ్ళేదాకా ముట్టుకుంటే ఇంటికి పొమ్మన్నారు ఇంజనీరుగారు."

"ఎప్పుడొస్తాడంట?"

"పొద్దున్నుంచీ బయల్దేరుతూనే ఉన్నారు."

కూతురి సంగతి చెప్పింది. తమ్ముడు ఆసుపత్రి వైపు చూశాడు గాని చెయ్యి కదల్లేదు. "ఇంజనీరుగారితో ఒక్క మాట చెప్పించక్కా" అన్నాడు.

ఆమె మెరక ఎక్కింది. ఇంజనీరు, తన చేతిలో ఏమీ లేదని, పార్టీవాళ్ళను అడగమన్నాడు. పందిరి కట్టిస్తున్న పార్టీ మనిషి ఆమెను తేరిపార చూసి, "శుభమా అని మంత్రిగారు వస్తుంటే ఈ గోలేంటమ్మా? ఇంజనీర్నడుగు" అన్నాడు.

ఈ వీధికి ఆ మంత్రి పరాయివాడు కాడు. ఒకప్పుడు ఆ గుంత దగ్గర ఆ కడ్డీ పట్టుకుని నిలబడినవాడు అతనే. ఊరంతటికీ చాలని సన్నటి గొట్టం అది. ఒక వీధికి వదలాలంటే మరొక వీధికి కట్టెయ్యాలి. అతను ఈ వీధికి కాస్త ఎక్కువసేపు వదిలేవాడు. కొత్తగా కాపురానికి వచ్చిన ఈమే మొదట అతణ్ణి నీళ్ళన్న అంది. ఆ పేరు వీధికంతా అంటుకుంది. దాంతో వీధి వాళ్ళు, నీళ్ళెందుకు రావడం లేదని అడగడం మానేసి, ఎవరు వదిలారని అడగడం మొదలుపెట్టారు. తక్కిన పొరపాట్లన్నీ అక్కడి నుంచి పుట్టినవే. పెద్ద గొట్టం వెయ్యడానికి మనుషులు గడ్డపారలతో వచ్చినప్పుడు, నీళ్ళన్న ఉండగా మా గుమ్మాల ముందు తవ్వుతారేమిటని ఆడవాళ్ళే అడ్డుపడి పంపేశారు. ఆ అడ్డుపడటంలో ఈమె గొంతే పైకి వినిపించింది. గొట్టం పెరగలేదు గనుక కరువు తీరలేదు. కరువు తీరలేదు గనుక నీళ్ళన్న అవసరమూ తీరలేదు. అలా అతను కౌన్సిలరయ్యాడు, తర్వాత ఛైర్మనయ్యాడు. శాసనసభకు వెళ్ళాడు. చివరికి నీటి సరఫరాకే మంత్రి అయ్యాడు. ఈరోజు ప్రారంభించబోయే కొత్త పథకం కూడా పాత గొట్టానికి తగిలించిన కొత్త కొళాయే.

కార్లు వచ్చాయి. జనంలో ఆమెను గుర్తుపట్టి మంత్రి ముఖమంతా విచ్చుకునేలా నవ్వాడు.

"చెల్లెమ్మా! బాగా చిక్కిపోయావే! రా, మొదటి బకెట్టు నువ్వే పట్టాలి. ఈమేనయ్యా నాకు పేరు పెట్టింది!"

"అన్నా, నా కూతురు కాన్పు బల్ల మీద ఉంది. ఆసుపత్రికి నీళ్ళు కట్టేశారు. ఆపరేషన్ ఆగిపోయింది. వదిలించన్నా."

నవ్వు ఒక్క క్షణం తగ్గింది. మంత్రి కెమెరాల వైపు చూసి, గొంతు తగ్గించి, "ఇదైపోగానే వదిలిస్తాను. ఎంతసేపు! నేను వదలకుండా ఎప్పుడున్నాను, చెప్పు?" అన్నాడు.

ఎవరో ఆమె చేతిలో కొత్త బకెట్టు పెట్టారు. మంత్రి అన్నది ఎప్పుడూ అనే మాటే. ఇన్నేళ్ళూ ఆ మాటకే ఆమె చేతులెత్తి దణ్ణం పెట్టింది. మంత్రి మైకు అందుకుని, తాను కింది నుంచి ఎదిగి వచ్చిన మనిషినని మొదలుపెట్టాడు. ఆమె బకెట్టును ఇంజనీరు కాళ్ళ దగ్గర దించి, గబగబా మెరక దిగింది.

"కడ్డీ ఇలా తే."

"అక్కా, నా ఉద్యోగం..."

"నీ ఉద్యోగం ఆయనిచ్చాడు. నీ మేనకోడల్ని ఆయనివ్వలేదు. పక్కకి జరుగు. అక్క లాక్కుందని చెప్పు."

తమ్ముడు జరగలేదు. కడ్డీ మీద పట్టు మాత్రం వదిలాడు. ఆమె కడ్డీని గుంతలోకి దించి, దుప్పట్లు పిండే చేతులతో బలమంతా పెట్టి తిప్పింది. వాల్వు మూలిగింది, తర్వాత కదిలింది. భూమి లోపల నీళ్ళు దారి మార్చుకున్న చప్పుడు పాదాలకు తెలిసింది. ఆమె గుంత మీద మూత వేసి, దాని మీద కూర్చుని, కడ్డీని ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంది.

మెరకన చప్పట్లు మోగాయి. మంత్రి విప్పిన కొళాయి నుంచి ధార ఒక్కసారి ఎగిరి దూకింది, సన్నబడింది, రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. అందరూ ఇంజనీరు వైపు చూశారు. మంత్రి ఒక్కడే చూడలేదు. ఆ దగ్గు అతనికి తెలుసు. తిన్నగా వాల్వు గుంత వైపు తిరిగి చూశాడు.

పార్టీ మనిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు. "కడ్డీ ఇమ్మంటున్నారు మంత్రిగారు! ఇటివ్వు!"

"ఇవ్వను. కావాలంటే ఆయన్నే రమ్మను. దారి ఆయనకి తెలుసు."

గోడ అవతల ఆసుపత్రి ఖాళీ తొట్టిలో నీళ్ళు పడుతున్నాయి. ఆపరేషన్ మొదలైందో లేదో అక్కడి నుంచి తెలియదు. ఆమె లేవలేదు. మెరక మీద మంత్రి ఎండిన కొళాయి మీది చెయ్యి ఇంకా తియ్యలేదు.